చెప్పి రాని వాగుల వెంట

కృష్ణ, తుంగభద్ర అంటే తెలియనివారుండరు. మరి ఆ రెండు నదుల చుట్టూ, ఏడాదిలో నాలుగు రోజులు పారి ఇసుకలో ఇంకిపోయే వాగుల మాటేంటి? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో రైతు బతుకు ఎక్కువగా ముడిపడి ఉన్నది వాటితోనే. ఆ వాగుల్లో ఎన్ని నీళ్లు వస్తాయో లెక్కగట్టడం మాత్రం పెద్ద నదిని లెక్కగట్టడం కన్నా కష్టం!

మదనాపురం దగ్గర ఊకచెట్టు వాగు ఒడ్డున దిగితే మొదట కనిపించింది నీళ్లు కాదు, ఇసుక. ఆ ఇసుకలో మేకల డెక్కల గుర్తులు. ఒక మూల తుంగ. దూరంగా చెలిమె తవ్వుకుని బట్టలు పిండుతున్న ఇద్దరు ఆడవాళ్లు. ఉత్తర కార్తె సగం గడిచింది. వాగు మాత్రం ఎండాకాలంలో ఉన్నట్టే ఉంది.

మా పెద్దనాయనది ఈ పక్క పల్లే. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు ఇదే వాగు దగ్గర బస్సు ఆగిపోవడం నాకు బాగా గుర్తు. అటు ఆత్మకూరు, ఇటు కొత్తకోట. మధ్యలో కాజ్‌వే మీద ఎర్రటి నీళ్లు. డ్రైవర్ బీడీ వెలిగించుకుని గట్టు మీద కూర్చునేవాడు. ఎవరో ఒకరు నీళ్లలో కర్ర గుచ్చి, అది మునిగిన కాడికి చెయ్యి పెట్టి చూపించేవారు. మూడు నాలుగు గంటల్లో కర్ర మీది తడి గుర్తు కిందికి దిగేది. బస్సు కదిలేది. మర్నాడు మళ్లీ వచ్చి చూస్తే వాగులో పిల్లలు గోళీలాడుతూ ఉండేవాళ్లు.

“ఇది సుట్టం లెక్క కొడుకా... వచ్చేటప్పుడు చెప్పి రాదు, పొయ్యేటప్పుడు చెప్పి పోదు” అన్నాడు పెద్దనాయన, నా పక్కన నిలబడి.

ఆయన వయసులో ఉండగా శ్రీశైలం డ్యాం పనికి వెళ్లాడు. అప్పట్లో దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా తట్ట మోసిన వాళ్లలో పాలమూరు కూలీ ఉండేవాడని పేరు. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెత ఇక్కడ పుస్తకాల్లోది కాదు. ఉత్తర కార్తె దాకా ఎదురు చూడటం, వాన రాకపోతే గంప ఎత్తి ఊరు విడవటం. వాగు వస్తే ఉండేవారు, రాకపోతే పోయేవారు. అందుకే ఈ వాగు లెక్క నాకు ఉత్త ఇంజినీరింగు లెక్కగా కనిపించదు.

ఒకే వాన... పన్నెండింతల తేడా

నాతో వచ్చిన మిత్రుడు నీటిపారుదల పనుల్లో ముప్పై ఏళ్లు గడిపి రిటైరైనవాడు. వాగును చూస్తే ఆయనకు కవిత్వం రాదు, కాగితం గుర్తొస్తుంది. గట్టు మీద కూర్చుని లెక్క మొదలుపెట్టాడు.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి 600 మిల్లీమీటర్ల చిల్లర. ఇందులో వాగుకు చేరేది ఎంత? ఇంత శాతం అని చెప్పేస్తే తేలిగ్గానే ఉంటుంది. కానీ వాగు శాతాల లెక్కన పారదు. నేల ఎంత దాహంగా ఉందన్న దాన్నిబట్టి పారుతుంది.

ప్రపంచమంతా వాడే ఒక పద్ధతి ఉంది. పేరు ‘కర్వ్ నంబర్’. గత శతాబ్దం మధ్యలో అమెరికా భూసంరక్షణ శాఖవాళ్లు తయారుచేశారు. నేల రకాన్ని, పైరును బట్టి భూమికి ఒక అంకె ఇస్తారు. వాన పడటానికి ముందు ఐదు రోజుల్లో ఎంత తడిసిందో చూసి ఆ అంకెను తగ్గిస్తారు, పెంచుతారు. మధ్యరకం నేలకు మా మిత్రుడు వేసిన లెక్క ఇదీ. 50 మిల్లీమీటర్ల వాన ఒక్కసారిగా పడిందనుకుందాం. మృగశిరలో, నేల నెర్రెలిచ్చి ఉన్నప్పుడు పడితే అందులో వాగుకు చేరేది రెండున్నర మిల్లీమీటర్లకు మించదు. మామూలు తడి ఉన్నప్పుడైతే 14. నేల బాగా నానిన తర్వాత అదే వాన పడితే 29 మిల్లీమీటర్లు!

మిల్లీమీటర్లంటే మనకు ఏం అర్థమవుతుంది? ట్యాంకర్లలో చూద్దాం. ఒక చదరపు కిలోమీటరు నేల మీద నుంచి, మొదటి వానకు వాగులోకి వచ్చేవి 5 వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు 480. చివరి వానకు 5,800. వాన ఒక్కటే, నేలా ఒక్కటే. నీళ్లు పన్నెండింతలు.

“మరి వాగు రాకపోతే వాన కురవలేదని ఎందుకు తిట్టుకుంటాం?” అన్నాను.

“తిట్టేవాళ్లకు కర్వ్ నంబర్ తెలియదు కదా” అని నవ్వాడాయన. పెద్దనాయన మాత్రం నవ్వలేదు. తొలకరి నీళ్లు భూమి తాగుతుంది, తర్వాతవి చెరువు తాగుతుంది, ఆ మిగిలినవే వాగుకు వస్తాయని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ లెక్క కోసం తల బద్దలు కొట్టుకున్నవాళ్లు మన దగ్గరా ఉన్నారు. హైదరాబాద్ సంస్థానంలో నిజాంసాగర్ కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. తెలంగాణలో ఏటా జులై 11న ఇంజినీర్స్ డే జరుపుకునేది ఆయన పుట్టినరోజునే. దక్కను వాగులకు వరద వస్తే గరిష్ఠంగా ఎంత వస్తుందో అంచనా కట్టడానికి ఆయన పేరుమీద ఒక సూత్రమే ఉంది. నీరు దిగివచ్చే విస్తీర్ణం చెబితే వరద ఎంతో చెబుతుంది. విస్తీర్ణం రెట్టింపైతే వరద రెట్టింపు కాదు, కొంచెం తక్కువ పెరుగుతుంది. ఎందుకంటే అంత పెద్ద నేల మీద ఒకేసారి కుండపోత కురవదు. ఇంజినీరింగు చదివిన పిల్లలు ఇంట్లో ఉంటే అడగండి, హైడ్రాలజీ పుస్తకంలో ఈ సూత్రం ఉంటుంది.

అయితే వరదకు సూత్రం ఉంది కానీ, వరద రాని మూడొందల పైచిలుకు రోజులకు సూత్రమేదీ? అక్కడే ఉంది చిక్కు. కంప్యూటర్ నమూనాలకు పెద్ద ప్రవాహం తేలిక, సున్నాయే కష్టం. వాగు ఏ రోజు ఆగిపోయిందో, మళ్లీ ఏ రోజు మొదలైందో సరిగ్గా చెప్పగలగాలి. వరద శిఖరాన్ని చక్కగా పట్టుకున్న నమూనా కూడా ఎండిన రోజున ‘కాస్త పారుతోంది’ అని చెప్పేస్తుంది. చెరువు కింద నారు పోసే రైతుకు ఆ ‘కాస్త’తోనే అసలు పేచీ.

ఇది పాలమూరు బాధ మాత్రమే అనుకోకండి. భూమ్మీద నదులు, వాగుల మొత్తం పొడవులో సగానికి పైగా ఏడాదిలో కనీసం ఒక్కరోజైనా పారకుండా ఆగిపోతుందని 2021లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. నది అంటే ఎప్పుడూ పారేదని మనం చిన్నప్పుడు చదువుకున్నది సగమే నిజమన్నమాట.

తలుపులు తెరిచేవాడు అక్కర్లేని డ్యాం

మదనాపురం మండలం శంకరంపేట దగ్గర సరళాసాగర్ ఉంది. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరుమీద కట్టించిన ప్రాజెక్టు. 1949లో మొదలై 1959లో పూర్తయింది. చూడటానికి పెద్దదేం కాదు. అర టీఎంసీ నీళ్లు పట్టే చిన్న జలాశయం. కానీ దీని సంగతి వింటే ముచ్చటేస్తుంది.

దీనికి గేట్లు లేవు, ఉన్నవి సైఫన్లు. డ్రమ్ములోంచి గొట్టంతో నీళ్లు లాగుతాం చూడండి... అదే సూత్రం. కట్టలో కాంక్రీటుతో వంపు తిరిగిన సొరంగాల్లాంటివి కట్టారు. జలాశయం నిండి నీరు ఒక మట్టానికి చేరగానే లోపలి గాలి నీటితోపాటు కొట్టుకుపోతుంది. సైఫన్ అందుకుంటుంది. ఒక్కసారిగా నిండు ప్రవాహం! మట్టం తగ్గి గాలి లోపలికి దూరగానే దానంతటదే ఆగిపోతుంది. కరెంటు అక్కర్లేదు, అర్ధరాత్రి లేచి గేటు తిప్పే లస్కరూ అక్కర్లేదు. ఆసియాలోనే ఇలాంటివి అరుదని ఇక్కడివాళ్లు గర్వంగా చెబుతారు. సైఫన్లు తెరుచుకున్నాయంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిల్లల్ని తీసుకుని తిరనాళ్లకు వెళ్లినట్టు వెళ్తారు.

చెప్పి రాని వాగు మీద, చెప్పకుండానే తెరుచుకునే డ్యాం. ఇంతకన్నా తగిన జోడీ ఉంటుందా అనిపించింది నాకు. వాగు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, అది వచ్చినప్పుడు మనిషి అక్కడ లేకపోయినా పని జరిగిపోవాలన్న ఆలోచన అది.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఏళ్ల తరబడి సరళాసాగర్ నిండనే లేదు. దాదాపు పదేళ్ల తర్వాత 2019లో నిండింది. ఊరంతా సంబరం. ఆ ఏడాది డిసెంబరు 31న, తెల్లారితే కొత్త సంవత్సరం అనగా, మట్టికట్టకు గండి పడింది. నీళ్లన్నీ దిగువన రామన్‌పాడు వైపు పరుగెత్తాయి. తర్వాత కట్టను మళ్లీ కట్టారు, మళ్లీ నీళ్లు నిలిపారు.

ఏ డ్యాం సంగతి ఎలా ఉన్నా, మా మిత్రుడు తన అనుభవం మీద ఒక మాట చెప్పాడు. ఎప్పుడూ నీళ్లుండే మట్టికట్ట కన్నా, పదేళ్లు ఎండి ఒక్కసారి నీళ్లు చూసే కట్టకే ముప్పు ఎక్కువట. ఎండకు బీటలు, చెట్ల వేళ్లు, ఎలుక బొరియలు... అన్నీ ఆ పదేళ్లలో చేరుతాయి. వాగులోకి ఎన్ని నీళ్లొస్తాయో లెక్కగట్టే మనం, రాని ఏళ్లలో కట్ట ఏమవుతుందో లెక్కలో వెయ్యం అన్నది ఆయన ఫిర్యాదు.

వనపర్తి సంస్థానాధీశులకు ఈ వాగుల మనసు ముందే తెలిసినట్టుంది. వాళ్ల ఏలుబడిలోని పెద్ద చెరువులను ‘సప్త సముద్రాలు’ అంటారు. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడిని చుట్టుకుని ఉన్న రంగసముద్రం అందులో ఒకటి. సాయంత్రం పూట గుడి గోపురం నీళ్లలో కనిపిస్తుంటే కదలబుద్ధి కాదు. పారని వాగున్న చోట చెరువుకు సముద్రమని పేరు పెట్టుకోవడంలో ఆశ ఎంతో చూడండి!

రాయి మారితే లెక్క మారుతుంది

జూరాల మీదుగా గద్వాల చేరాం. కోట, చెన్నకేశవుడి గుడి, జరీ చీరల దుకాణాలు చూసుకుని, ఎర్రవల్లి చౌరస్తా దగ్గర 44వ నంబరు హైవే ఎక్కి అలంపురం దిగాం. నవబ్రహ్మ ఆలయాల గురించి ఈ పేజీలో చాలాసార్లు చదివే ఉంటారు కాబట్టి ఈసారికి వదిలేస్తున్నాను. నేను వచ్చింది రాళ్ల కోసమే, కానీ ఇంకో రాయి కోసం.

వనపర్తి, గద్వాలల్లో కాళ్లకింద ఉన్నది గ్రానైటు. నీటిని అది పైపై పగుళ్లలో మాత్రమే దాచుకుంటుంది. దక్షిణానికి, తుంగభద్ర వైపు వచ్చేకొద్దీ సున్నపురాయి, షేలు పొరలు మొదలవుతాయి. నది దాటితే కర్నూలు, నంద్యాల, కడప దాకా పరుచుకున్న పొరలవి. మన ఇళ్లలో పరిచే బేతంచెర్ల బండలు, కడప బండలు వచ్చేది అటునుంచే. భూగర్భ శాస్త్రవేత్తలు వీటికి ‘కర్నూలు శ్రేణి’ అని పేరు పెట్టారు. కుందూ నది లోయంతా ఈ శ్రేణే.

సున్నపురాయి గట్టిదే. కానీ వాన చుక్క గాల్లోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలుచని ఆమ్లంగా మారి, లక్షల ఏళ్లపాటు పగుళ్లలో దిగుతూ ఉంటే ఆ రాయి కరుగుతుంది. వెంట్రుక మందం పగులు గొట్టమవుతుంది, గొట్టం గుహవుతుంది. అలాంటిది కళ్లారా చూడాలంటే నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలకు వెళ్లాలి. మూడు కిలోమీటర్లకు పైగా పొడవు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశాడు. 1980ల్లో జర్మన్ బృందం కొలిచింది. లోపల అట్టడుగున ‘పాతాళగంగ’ ఉంది. సన్నటి ధార. కనిపిస్తూనే రాతిలోకి దూరి మాయమవుతుంది!

ఆ ధార ముందు నిలబడితే సున్నపురాతి నేలలో లెక్క ఎందుకు తప్పుతుందో అర్థమవుతుంది. గ్రానైటు నేలలో గుట్ట ఈవల పడ్డ వాన ఈవలి వాగులోకే వస్తుంది. సున్నపురాతిలో అలా ఏమీ లేదు. పైన గుట్ట చూపించే సరిహద్దు ఒకటి, కింద గొట్టాలు చూపించే సరిహద్దు ఇంకొకటి. ఒక వాగు పారుతూ పారుతూ రంధ్రంలోకి దూరిపోతుంది. పది మైళ్ల అవతల ఎక్కడో ఊటై లేస్తుంది. ఐరోపాలో స్లొవేనియా, ఇటలీల మధ్య తిమావో అనే నది అలాగే భూమిలోకి దిగి, దాదాపు 40 కిలోమీటర్లు కనిపించకుండా పోయి సముద్రం దగ్గర బయటపడుతుంది. ఏ ఊట ఏ వాగుదో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు నీళ్లలో హాని చెయ్యని రంగు కలిపి, అది ఎక్కడ తేలుతుందా అని ఊటల దగ్గర కాపు కాస్తారు. మన యాగంటి పుష్కరిణి, మహానందిలో ఏడాది పొడవునా ఉబికే నీళ్లూ చూసిన ప్రతిసారీ ఇవి ఎక్కడి వానలో అనిపిస్తుంది నాకు.

ఇలాంటి నేలకు నమూనా కట్టేవాళ్లు ఒక ఉపాయం పన్నుతారు. భూమి కింద రెండు తొట్లు ఉన్నట్టు ఊహిస్తారు. ఒకదానికి అడుగున పెద్ద రంధ్రం. గుహల్లోంచి, గొట్టాల్లోంచి గంటల్లో బయటికొచ్చే నీళ్లు అందులోవి. రెండోదానికి సూది బెజ్జం. సన్న పగుళ్లలోంచి నెలల తరబడి చెమర్చే నీళ్లు దానివి. వాన ఆగాక ఊట తగ్గే తీరును రోజూ కొలిచి గీత గీస్తే, మొదట నిట్టనిలువుగా పడి, ఒక చోట విరిగి, తర్వాత మెల్లగా వాలుతుంది. ఆ విరిగిన చోటే రెండు తొట్ల పరిమాణాన్ని చెబుతుంది. చిత్రమేమిటంటే, దీనికి కంప్యూటర్ కన్నా ముందు కావలసింది రోజూ వెళ్లి కొలిచే మనిషి. ఎప్పుడో ఒకసారి పారే వాగు దగ్గర రోజూ నిలబడే మనిషి ఎవరు? అందుకే ఇలాంటి వాగులకు రికార్డులు ఉండవు. రికార్డు లేక లెక్క రాదు, లెక్క రాక ఎవరికీ పట్టదు.

పట్టకపోతే ఏమవుతుందో అలంపురం ఇంకా మరిచిపోలేదు. 2009లో ఆగస్టు దాకా రాష్ట్రమంతా కరవు. వాగుల్లో చుక్క లేదు. సెప్టెంబరు చివర కుండపోత మొదలైంది. అక్టోబరు 2న గాంధీ జయంతి నాడు, ఒకపక్క తుంగభద్ర, ఇంకోపక్క ఎప్పుడూ ఎండి ఉండే హంద్రీ... రెండూ కలిసి కర్నూలును ముంచేశాయి. ఇవతల అలంపురం మునిగింది. మగ్గాల ఊరు రాజోలి నామరూపాల్లేకుండా పోయింది. గుంటల్లో పడుగులు, పేకలు బురదలో కూరుకుపోయిన ఇళ్ల మధ్య నడిచాను ఆ దసరా తర్వాత. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఆ ప్రాజెక్టుకు వేసిన అంచనా 19 లక్షలు. కరవు, వరద ఒకే ఏడు, ఒకే నెల తేడాతో!

దుందుభి ఒడ్డున

వెనక్కి వచ్చి కొల్లాపురం మీదుగా నాగర్‌కర్నూలు వెళ్లాం. సోమశిల దగ్గర శ్రీశైలం వెనుక జలాలు కనుచూపు మేర నిండుగా ఉన్నాయి. ఇంకాస్త ముందు ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపులు ఆ నీటినే ఎత్తి మూడు మెట్లలో పైకి పంపుతాయి. దాంతో ఇప్పుడు లెక్కలో కొత్త చిక్కు వచ్చిపడింది. కాలువ నీళ్లు పారిన పొలాల నుంచి ఊటలు దిగి, ఒకప్పుడు ఉగాదికి ముందే ఎండే వాగుల్లో ఎండాకాలంలోనూ తడి కనిపిస్తోంది. మంచిదే. కానీ ఇప్పుడు వాగు నీళ్లు చూసి ‘ఈ ఏడు వాన బాగా పడింది’ అనలేం. ఆకాశం నుంచి వచ్చినవి ఎన్ని, మోటారు నుంచి వచ్చినవి ఎన్ని? నమూనాలో పంపు స్విచ్చు కూడా చేరాలి.

దుందుభి వాగుదీ అదే వరస. డిండి అని పిలిచేదీ దీన్నే. జిల్లా దాటి, డిండి జలాశయాన్ని నింపి, ఆ తర్వాత కృష్ణలో కలుస్తుంది. ఏళ్ల తరబడి ఇసుకదిబ్బలా పడి ఉండేది. ఆ ఇసుకా లారీలెక్కి పోయేది. వాగులో ఇసుకంటే పనికిరానిది కాదు, అదే వాగు కుండ. వరద వెళ్లిపోయాక నీళ్లుండేది అందులోనే. కుండ పగలగొట్టి నీళ్లు లేవంటే ఎలా?

ఒడ్డున ఒక రైతు బోరు మోటారు ఆన్ చేసి నీళ్లు చూపించాడు. “వాగులో మూడడుగుల నీళ్లు నిలబడ్డ ఏడు, నా బోరు ఎండకాలమంతా పోస్తది సార్. ఏ ఏడు నిలబడకపోతే ఆ ఏడు నా కొడుకు హైదరాబాద్ల ఉంటడు” అన్నాడు. ఆయన బోరు పక్కన రాతి స్తంభం మీద తెల్ల సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. ఒక్కో గీత పక్కన ఒక్కో సంవత్సరం. కొన్ని సంవత్సరాలకు గీతే లేదు. నేల మట్టంలో ఒక చుక్క పెట్టి ఉంది. మా మిత్రుడు వంగి ఆ చుక్కలను లెక్కపెట్టాడు, తర్వాత జేబులోంచి పుస్తకం తీసి అవన్నీ రాసుకున్నాడు.

రాత్రికి మళ్లీ పెద్దనాయన ఇంటికి చేరాం. పడుకోబోతుంటే ఎగువన కొత్తకోట వైపు మెరుపులు. వాన చప్పుడు మాత్రం లేదు. పెద్దనాయన నులక మంచం వాకిట్లోకి లాక్కున్నాడు. తెల్లారకముందే నన్ను తట్టి లేపాడు.

“లెవ్వు కొడుకా... వాగొచ్చింది.”